అవతలి వైపు కుర్చీ

మాస్టారి పార్టీ గెలిచిందని రేడియోలో చెప్పగానే మాస్టారు చేసిన మొదటి పని, రేడియో నెత్తి మీద ఒక్కటి చరచడం. చెడిపోయిందనుకున్నారు. ఆయన్ని అనడానికీ లేదు. ఆ పార్టీ ఓడిపోవడం దేశానికి అంత అలవాటైపోయింది. ప్రతి ఎన్నికలోనూ మాస్టారు గెలిచేవారు, పార్టీ ఓడేది. పార్లమెంటు హాల్లో స్పీకరుకి ఎడమ పక్కన, ప్రతిపక్షం వైపు, ముందు వరస చివరి కుర్చీలో కూర్చుని కూర్చుని ఆయన జుట్టు నెరిసింది, నెరిసినదీ ఊడింది. బడిలో లెక్కలు చెప్పుకునే మనిషి రాజకీయాల్లోకి వచ్చేనాటికి పలకా బలపం పట్టుకున్న కూతురు, ఇప్పుడు వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని పేటంతటికీ బట్టలు కుట్టే దర్జీ. మారనిదల్లా ఆ కుర్చీయే.

"రేడియో బాగానే ఉంది నాన్నా. నిజంగానే గెలిచారు," అంది కూతురు, గుడ్డ మధ్యలో కత్తెర ఆపేసి.

"ఎన్నింటితో?"

"ఒక్క సీటుతో."

"అయితే సగమే గెలిచాం. మిగతా సగం సభలో గెలవాలి," అని మాస్టారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు.

ఆ కళ్ళజోడు తుడిచినా ఒకటే, తుడవకపోయినా ఒకటే. కొన్నేళ్ళుగా ఆయన చూపు సన్నగిల్లుతూ వచ్చి, ఇప్పుడు వెలుగూ నీడా మాత్రమే మిగిలాయి. మనిషి ఎదురుగా నిలబడితే ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎవరన్నది గొంతు వింటేగాని తెలియదు. కళ్ళ డాక్టరు చేతులెత్తేశాడు. డాక్టరు కాక, ఈ సంగతి తనకీ, పార్లమెంటు హాలు తలుపుల దగ్గరుండే ఉద్యోగుల పెద్దకీ తప్ప ఇంకెవరికీ తెలియదని కూతురి నమ్మకం. తెలిస్తే ఏమవుతుందో మాస్టారికి బాగా తెలుసు. "పెద్దవారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని దండ వేసి ఇంటికి పంపేస్తారు. ఆ దండ మెడలో పడటం కంటే మెట్ల మీంచి పడటం నయం అనేవారు.

అలాంటి మనిషి సభలో ఎలా నెగ్గుకొచ్చారంటే, అలవాటుతో. ఎడమ తలుపులోంచి లోపలికి వెళ్ళడం, ఇత్తడి కమ్మీ మీద చెయ్యి వేసుకుని దిగడం, కమ్మీ అయిపోయినచోట తన కుర్చీ చెయ్యి తడమడం. ఆ చెక్క చేతికి ఒక గుంట ఉంది. ఎవరో చెక్కింది కాదు. మాస్టారు మాట్లాడేటప్పుడు పిడికిలితో దాని మీద గుద్దుతారు. వేలికి ఉంగరం ఉంది. ఏళ్ళ తరబడి గుద్దగా గుద్దగా, బొటనవేలు సరిగ్గా ఇమిడేంత గుంట పడింది. అది తగిలితే చాలు, ఇల్లు చేరినంత నిశ్చింత ఆయనకి.

ఇప్పుడు గెలిచారు కదా, ఆ నిశ్చింత కాస్తా పోయింది. గెలిచినవాళ్ళు స్పీకరుకి కుడి పక్కకి మారాలి. ఓడినవాళ్ళు ఎడమకి రావాలి.

చిక్కు అంతటితో ఆగలేదు. బలపరీక్ష అక్కడ చేతులెత్తించి చెయ్యరు, చీటీలు వేయించి చెయ్యరు. గంట కొట్టి తలుపులు మూసేస్తారు. స్పీకరుకి కుడి పక్క నిలబడ్డవాళ్ళంతా ప్రభుత్వం ఉండాలన్నట్టు, ఎడమ పక్క నిలబడ్డవాళ్ళంతా వద్దన్నట్టు. మధ్యలో ఉన్న ఎర్ర తివాచీని ఎవరూ దాటకూడదు. ఒకప్పుడు ఇటువాళ్ళు అటువాళ్ళని చొక్కాలు పట్టి లాగితే పెద్ద కొట్లాట జరిగిందట. అప్పట్నుంచి ఒక నియమం పెట్టారు. తలుపులు మూశాక ఎవరైనా ఒక సభ్యుణ్ణి ఇటు రమ్మని పిలిచినా, ఆ సభ్యుడు నోరు తెరిచి అడిగినా, ఆయన ఓటు చెల్లదు. ఆయన ఏ పక్క నిలబడ్డాడో ఆ పక్క నాయకుడు ఒక్కడే లేచి, "ఈయన మావారు కారు" అని చెప్పి పంపించవచ్చు. ఆ నియమం పుట్టాక ఏ నాయకుడూ ఆ మాట అన్న పాపాన పోలేదు. చేతికి వచ్చిన ఓటుని ఎవడు పంపిస్తాడు?

"ఓట్లు సమానమైతేనో?" అని అడిగింది కూతురు.

"సమానమైనా ప్రభుత్వం పడిపోయినట్టేనమ్మా," అన్నాడు ఇవన్నీ చెప్పడానికి ఇంటికి వచ్చిన తలుపుల పెద్ద. "ఒక్కరు చెల్లకపోయినా అంతే సంగతులు."

ఆ మాటతో ఆమెకి నిద్ర కరువైంది. భోజనాల బల్ల చుట్టూ ఉన్న కుర్చీలన్నీ తెచ్చి నడవాలో కుడి పక్కన వరసగా వేసింది. "ఇది కుడి తలుపు అనుకో నాన్నా. ఇలా రా. ఇదిగో, ఇది నీ కొత్త కుర్చీ," అని నడిపించింది. మాస్టారు బుద్ధిగా నడిచి, చివర్లో ఎడమకి తిరిగి బట్టల బీరువాని ఢీకొన్నారు.

"బీరువా మన పార్టీ కాదు నాన్నా."

"తెలిసింది. తలుపు తీయకుండానే వాయించింది," అన్నారు నుదురు రుద్దుకుంటూ.

అభ్యాసం సాగింది. సభ మొదలయ్యే ముందు రోజు తలుపుల పెద్ద ఇద్దరినీ ఖాళీ హాల్లోకి తీసుకెళ్ళాడు. కొత్త కుర్చీ చెయ్యి నున్నగా, ఏ గుర్తూ లేకుండా ఉంది. మాస్టారు దాన్ని తడిమి మొహం చిట్లించారు. కూతురు సంచిలోంచి గరుకు గోనెగుడ్డ ముక్క తీసి, కుర్చీ చేతికి తొడుగులా చుట్టి, కింది నుంచి గట్టి దారంతో కుట్టేసింది. పైకి చూస్తే పాత కుర్చీకి ఏదో మరమ్మతు చేసినట్టుంది.

"ఇది చేతికి తగిలితేనే కూర్చో నాన్నా. తగలకపోతే నీ చోటు కాదు."

"అలాగేనమ్మా టీచరమ్మా," అన్నారు మాస్టారు. అన్నారే గాని, వెళ్ళేటప్పుడు అవతలి వైపు వెళ్ళి పాత కుర్చీ గుంటలో ఒకసారి బొటనవేలు పెట్టి వచ్చారు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

రేపట్నుంచి ఆ కుర్చీ ఎవరిదో ఆమెకి తెలుసు. తలచుకుంటేనే ఒళ్ళు మండింది. దిగిపోయిన ప్రధానిది. ఇంట్లో ఆయనకి ఆమె పెట్టిన పేరు నవ్వులాయన. ఎప్పుడూ పెదవి చివర ఒక నవ్వు వేలాడుతూ ఉంటుంది. ఆ నవ్వు అంటే ఆమెకి పడదు. కారణం ఉంది. అయిదారేళ్ళ కిందట, చూపు మందగించడం మొదలైన రోజుల్లో, మాస్టారు బడ్జెట్ మీద మాట్లాడుతూ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. అప్పుడు ఆ నవ్వులాయన లేచి, "అధ్యక్షా, మా బడ్జెట్ తలకిందులుగా చదివితేగాని అర్థం కాదని మాస్టారు సభకి చూపిస్తున్నారు. నిజమే, మా ఆర్థికమంత్రికి కూడా అలాగే అర్థమైంది" అన్నాడు. సభ పగలబడి నవ్వింది. గ్యాలరీలో కూర్చున్న కూతురు మాత్రం పళ్ళు కొరికింది. మా నాన్న కళ్ళ మీద జోకులా అని ఆ రోజునుంచీ ఆయన పేరు ఎత్తితే మొహం తిప్పుకునేది. ఎన్నికల్లో ఆయన దిగిపోయాడని వినగానే అందరూ మాస్టారి పార్టీ నాయకురాలు కొత్త ప్రధాని అయిందని సంతోషిస్తే, ఆమె ముందు ఆ నవ్వు ఆరిపోయిందని సంతోషించింది.

బలపరీక్ష రోజు రానే వచ్చింది. మాస్టారు కుడి తలుపులోంచి దర్జాగా వెళ్ళి, గోనెగుడ్డ తడిమి, కూర్చున్నారు. గ్యాలరీలో కూతురి గుండె కుదుటపడింది. మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఆయన లేచి, గొంతు సవరించుకుని, "అధ్యక్షా, ఈ అసమర్థ ప్రభుత్వం తక్షణం దిగిపోవాలి" అని మొదలుపెట్టారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత రెండు పక్కలా నవ్వులే నవ్వులు. కొత్త ప్రధాని కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు చెయ్యి ఊపి, "క్షమించాలి. ఇన్నేళ్ళ నోరు. దిగిపోయింది కదూ! సరే, ఎక్కినవాళ్ళ గురించి చెబుతాను" అని సర్దుకుని, ఆ తరవాత ఎంత బాగా మాట్లాడారంటే, అవతలి వాళ్ళు కూడా కదలకుండా విన్నారు. గెలిచినవాళ్ళకి పొగరు పనికిరాదనీ, మనల్ని కుర్చీ ఎక్కించిన ఓటరు చెయ్యి మన చొక్కా కాలరుకి ఎంతో దూరంలో లేదనీ తన వాళ్ళకే చీవాట్లు పెట్టారు. 

అదే కొంప ముంచింది. అంతసేపు మాట్లాడేసరికి గొంతు ఎండిపోయి మాస్టారు మంచినీళ్ళకి బయటికి వెళ్ళారు. ఆయన ఇంకా తిరిగి రాకముందే గంట మోగింది.

గంట మోగితే హాలు తేనెతుట్టె కదిలినట్టు కదులుతుంది. వసారాలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తోసుకుంటూ వస్తారు. తలుపుల పెద్ద కుడి తలుపు సగం మూసి, మాస్టారి కోసం మెడ సాచి చూస్తున్నాడు. మాస్టారు ఆ తోపులాటలో పడ్డారు. కంగారులో మనిషికి నిన్న నేర్చుకున్నది గుర్తుండదు, ఏనాడో నేర్చుకున్నదే గుర్తొస్తుంది. ఆయన కాళ్ళు ఆయన్ని అడక్కుండానే ఎడమ తలుపువైపు లాక్కెళ్ళాయి. చెయ్యి ఇత్తడి కమ్మీని పట్టుకుంది. కమ్మీ అయిపోయినచోట బొటనవేలికి గుంట తగిలింది. మాస్టారు తృప్తిగా ఊపిరి పీల్చుకుని దాని పక్కన నిటారుగా నిలబడ్డారు.

తలుపులు మూసుకున్నాయి. గంట ఆగింది.

గ్యాలరీలో కూతురు ఉన్నపళాన లేచింది. 'నాన్నా' అన్న కేక గొంతు దాకా వచ్చింది. నియమం గుర్తొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. పిలిస్తే ఓటు చెల్లదు, పిలవకపోతే ఓటు అవతలి వాళ్ళది. ఎటు చూసినా ప్రభుత్వం పుట్టిన గడపలోనే పోతుంది. అదీ ఎవరి వల్ల? దాని కోసం జీవితమంతా కుర్చీ గుద్దిన మనిషి వల్ల. రేపు ఊరూరా ఏమంటారు? గుడ్డివాడు ముంచాడంటారు. అమ్ముడుపోయాడనేవాళ్ళూ ఉంటారు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

కుడి పక్కన ఒక్కొక్కరే విషయం గ్రహించారు. కొత్త ప్రధాని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరూ పిలవడానికి లేదు. ఎడమ పక్కన కూడా గ్రహించారు. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. ఒకాయన ఎంతో మర్యాదగా జరిగి మాస్టారికి చోటిచ్చాడు. అంత మర్యాద ఆయన జన్మలో ఎవరికీ చేసి ఉండడు. నవ్వులాయన వెనకాల నిలబడ్డ అనుచరుడు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో గొణిగాడు. లెక్కపెట్టేవాళ్ళు తివాచీ చివర సిద్ధంగా నిలబడ్డారు.

నవ్వులాయన అనుచరుడి వైపు చూశాడు. మాస్టారి వైపు చూశాడు. తన చొక్కా చెయ్యి విడిపించుకున్నాడు.

"అధ్యక్షా," అన్నాడు. హాలంతా చెవులు రిక్కించింది. "మాస్టారు మావారు కారు."

ఎక్కడో ఒక పెన్ను కింద పడిన చప్పుడు పైదాకా వినిపించింది.

"మా వైపు రమ్మని ఎన్నో ఏళ్ళు బతిమాలాం. మంత్రి పదవి ఇస్తామన్నాం. రాలేదు. ఇవాళ వచ్చింది కూడా మా మీద ప్రేమతో కాదు, ఈ కుర్చీ మీద మమకారంతో. ఇన్నేళ్ళు కూర్చున్న కుర్చీకి ఒక మాట చెప్పకుండా ఎలా వెళ్తారు? చెప్పుకున్నారు. ఇక వారిని వారి చోట దిగబెట్టి వస్తాను, అనుమతించండి."

స్పీకరు తల ఊపాడు. నవ్వులాయన మాస్టారి మోచెయ్యి పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఇద్దరు పెద్దమనుషులు చెయ్యీ చెయ్యీ కలిపి కబుర్లాడుకుంటూ వెళ్తున్నట్టే ఉంది. తివాచీ అంచు దగ్గర మాస్టారి అడుగు తడబడబోతే, ఆయన కూడా కావాలని ఒక అడుగు తడబడి, "ఈ తివాచీ మార్చమని నేనే సంతకం పెట్టలేదు, నాదే తప్పు" అని పైకే అన్నాడు. కుడి పక్క ముందు వరసలో ఒక్కొక్క కుర్చీ చూసుకుంటూ వెళ్ళి, గోనెగుడ్డ కనపడగానే ఆగి, మాస్టారి చేతిని దాని మీద పెట్టాడు. పెట్టి, వెనక్కి వచ్చి, గుంట పడ్డ కుర్చీ పక్కన ఓడిపోయేవాళ్ళ మధ్య నిలబడ్డాడు.

కూతురికి అప్పుడు తెలిసింది. కుర్చీ మీద మమకారమట! ఈయనకి నాన్న కళ్ళ సంగతి తెలుసు. ఇవాళ కాదు, కాగితం తలకిందులైన రోజునే తెలుసు. ఆ రోజు సభ నవ్వింది నాన్నని చూసి కాదు, బడ్జెట్‌ని చూసి. ఆ నవ్వు కింద నాన్న కళ్ళని దాచేశాడు ఈయన. దాచి, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఒక్క ఓటు కోసం దేశం తలకిందులవుతున్న ఈ రోజు కూడా చెప్పలేదు. తనేమో ఇన్నాళ్ళూ ఆ నవ్వుని తిట్టుకుంటూ కూర్చుంది.

ఆమె చప్పట్లు కొట్టింది. గ్యాలరీలో చప్పట్లు కొట్టకూడదు. అయినా కొట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అరచేతులు మండేదాకా కొట్టింది. ఇద్దరు ఉద్యోగులు వచ్చి, నియమం ప్రకారం ఆమెని మర్యాదగానే బయటికి నడిపించారు. అందుకని, దేశంలో ప్రభుత్వం నిజంగా మారిన క్షణాన్ని ఆమె చూడలేదు. మూసిన తలుపు అవతల హోరు లేచింది. ఒక్క ఓటుతో నిలబడిందని వసారాలో ఎవరో పరుగెత్తుకుంటూ చెప్పారు.

తలుపులు తెరిచాక మొదట బయటికి వచ్చింది నవ్వులాయనే. వెంట ఎవరూ లేరు. ఆయన మీద అలిగి అనుచరుడు లోపలే ఉండిపోయాడు. ఆయన ఆమెని చూసి ఆగాడు.

"ఆ గోనెగుడ్డ కుట్టింది మీరేనామ్మా? బాగా కుట్టారు. నాకూ ఇప్పుడు కొత్త కుర్చీయే. నాకూ ఒకటి కుట్టిపెట్టకూడదూ? దారి తప్పకుండా ఉంటాను."

ఆమెకి ఎన్నో చెప్పాలనిపించింది. క్షమించమనాలనిపించింది. చివరికి, "మీకు అక్కర్లేదండీ. మీ కుర్చీకి గుర్తు మా నాన్న ముందే చేసి ఉంచారు. చెయ్యి తడిమి చూడండి," అంది.

ఆయన నవ్వు ఒక్క క్షణం పోయింది. తల వంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్తుంటే కూతురు తండ్రిని నిలదీసింది. "ఆయనకి తెలుసని నీకు ముందే తెలుసా నాన్నా?"

"కాగితం సంగతి అయిన రోజే తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు తిట్టుకోవడానికి ఎవరూ ఉండరని ఊరుకున్నాను," అన్నారు మాస్టారు. ఆయనే మళ్ళీ, "ఆయన వెనకాల వాడు ఆయన చెవిలో ఏమన్నాడో విన్నావా? నా పక్కనే కదా, నాకు వినిపించింది. 'ఒక్క నిమిషం ఊరుకోండన్నా, మళ్ళీ మనమే' అన్నాడు. అప్పుడే తెలిసింది ఎక్కడ నిలబడ్డానో. నోరు తెరవడానికి లేదు. ఆ ఒక్క నిమిషం ఆయన ఊరుకోలేదమ్మా. నేనైతే ఊరుకునేవాణ్ణేమోనని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను," అన్నారు. ఆమె ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది.

మర్నాడు గ్యాలరీలోకి ఆమెని మళ్ళీ రానిచ్చారు. కొత్త ప్రభుత్వం మొదటి ప్రకటన చదవగానే ఎడమ పక్క ముందు వరసలో నవ్వులాయన లేచాడు. తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. పెడుతూ పెడుతూ గొంతు హెచ్చించి, పిడికిలి ఎత్తి, కుర్చీ చేతి మీద, సరిగ్గా ఆ గుంటలో, దభీమని ఒక్కటి గుద్దాడు.

కుడి పక్కన మాస్టారు తల ఎత్తి ఆ చప్పుడు విన్నారు. పక్కనున్న మంత్రి వైపు వంగి, గ్యాలరీ దాకా వినపడేంత గట్టిగా, "బాగా గుద్దుతున్నాడు. మనం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి," అన్నారు.